కెరటం విరగని చోటే జాగ్రత్త

ప్రశ్న: విశాఖలో కెరటాలు పెద్దగా లేని చోటు చూసి పిల్లలతో దిగాం. లైఫ్‌గార్డ్ విజిల్ వేసి, కెరటాలు విరుగుతున్న పక్క చోటికి వెళ్లమన్నారు. నీళ్లు నిమ్మళంగా ఉన్నచోటే నయం కదా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: కాదమ్మా, ఆయన చెప్పిందే సరైంది. ఒడ్డుకొచ్చిన నీరు మళ్లీ సముద్రంలోకి పోవాలి. ఇసుక దిబ్బల మధ్య లోతైన సందు దొరికితే అందులోంచే ఏరులా వెనక్కి పరుగెడుతుంది. రిప్ కరెంట్ అంటే ఇదే. లోతెక్కువ కాబట్టి అక్కడ కెరటం విరగదు, నీరు కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది. రెండు నిమిషాలు నిలబడి చూడండి, నురగా చెత్తా లోపలికి పోతుంటాయి. దాని వేగం ఒక్కోసారి సెకనుకు 2 మీటర్లు దాటుతుంది, ఎంతటి గజ ఈతగాడైనా ఎదురీదలేడు. ఈ సందులు చోటు మారుతుంటాయి కాబట్టి నిన్న స్నానం చేసిన చోటే కదా అన్న ధీమా వద్దు. ఎరుపు-పసుపు జెండాలుంటే ఆ రెండింటి మధ్యే దిగండి. ఎర్రజెండా ఉంటే అసలు దిగొద్దు.

చిక్కుకుంటే ఒడ్డువైపు ఈదొద్దు. ఆ ప్రవాహం లోపలికి లాగుతుందే గానీ కిందికి ముంచదు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తండి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా, కెరటాలు విరిగే వైపు వెళ్లండి. కాపాడబోయి దూకినవాళ్లూ పోతున్నారు, అది మరీ బాధాకరం. మూత బిగించిన ఖాళీ 5 లీటర్ల నూనె క్యాన్‌కు తాడు కట్టి విసరండి. అందులో గుక్కెడు నీళ్లుంటే గాలికి పక్కకు పోకుండా పడుతుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌కి కోచ్ ఉన్నారు. లైఫ్‌గార్డ్ కూడా కావాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కావాలి. కోచ్ చూపు తను నేర్పే నలుగురి మీదే ఉంటుంది. మునిగేవాళ్లు చాలాసార్లు కేకే వేయలేరు. నోరు నీటిపైకి వచ్చిన ఆ క్షణం ఊపిరికే చాలదు. తల వెనక్కి వాలి, చేతులు పక్కలకు చాచి నీటిని నొక్కుతూ, నిలువుగా ఉన్నచోటే ఉండిపోతారు. పక్కనున్నవాళ్లకు ఆడుకుంటున్నట్టే అనిపిస్తుంది. దీన్ని 10 సెకన్లలో పసిగట్టి, మరో 20 సెకన్లలో చేరుకోవాలని లైఫ్‌గార్డులకు శిక్షణలో చెబుతారు. చేతిలో ఫోన్ ఉంటే ఇది కుదరదు. పూల్ అడుగున జాలీ స్పష్టంగా కనిపించకపోతే ఆ రోజు ఎవరినీ దించొద్దు.

బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులు చేయడం వద్దే వద్దు. వాంతై అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. శ్వాస లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా మరొకరు ముందు నోటితో 5 ఊపిర్లు ఇవ్వాలి. తర్వాత 30 సార్లు ఛాతీ నొక్కి, 2 ఊపిర్లు. పెద్దవాళ్లకు 5 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100–120 సార్లు. లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవచ్చు.