టీఎల్‌ఈ తీసేసి టీఎల్‌డీ ఇచ్చారు, ఇది మన మీద ప్రయోగమా?

ఏడేళ్లుగా హెచ్‌ఐవీకి టీఎల్‌ఈ మాత్ర వాడుతుంటే, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో టీఎల్‌డీ మాత్రకు మార్చారని, ఇది ప్రయోగమేమోనని, బరువు పెరుగుతుందంటున్నారని రాశారు. ప్రయోగం కాదండీ. బరువు సంగతి మాత్రం నిజమే.

నేను 2014లో టీఎల్‌ఈతో మొదలుపెట్టాను. రాత్రి మాత్ర వేసుకున్న గంటకే తల తిరిగేది. తెల్లవారుజామున పీడకలకు ఉలిక్కిపడి లేచి కూర్చునేదాన్ని. ఈ మందంటే ఇంతేనేమో అనుకుని ఏళ్లు గడిపాను. 2021లో మార్చినప్పుడు నాకూ టెన్షనే. కౌన్సెలర్‌ను అడిగాను, ఈ మందులను పోల్చి చూసిన ట్రయల్స్ (రోగులతో చేసే పరీక్షలు) గురించి దొరికిందల్లా చదివాను.

టీఎల్‌ఈలో మూడు మందులుంటాయి. వాటిలో టెనోఫోవిర్, లామివుడిన్ టీఎల్‌డీలోనూ పాతవే. ఎఫావిరెంజ్ తీసి 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ పెట్టారు, అంతే. ఈ రెండింటినీ పోల్చిన ‘సింగిల్’ అనే ట్రయల్ ఫలితాలు 2013లో వచ్చాయి. అందులో 833 మంది ఉన్నారు. ఎవరు ఏ మందు వాడుతున్నారో వాళ్లకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. 48 వారాలకు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, 50 కంటే కిందికి దిగినవాళ్లు డోలుటెగ్రావిర్‌తో 88 శాతం, ఎఫావిరెంజ్‌తో 81 శాతం. సైడ్ ఎఫెక్ట్స్ వల్ల మధ్యలో మానేసినవాళ్లు మాత్రం డోలుటెగ్రావిర్‌తో 2 శాతం, ఎఫావిరెంజ్‌తో 10 శాతం. అంటే ఎఫావిరెంజ్ పనిచేయక కాదు, చాలామంది దాన్ని తట్టుకోలేకపోయారు. అది చదివినప్పుడు నా రాత్రులు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

కానీ ‘సింగిల్’లో తోడు మందులు రెండు వైపులా ఒకటి కావు. మనకు ఇంకా దగ్గరగా ఉన్నది దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో 1053 మందితో చేసిన ‘అడ్వాన్స్’ అనే ట్రయల్. మన టెనోఫోవిర్‌తోనే డోలుటెగ్రావిర్ ఇచ్చినవాళ్లలో 85 శాతం, ఎఫావిరెంజ్ ఇచ్చినవాళ్లలో 79 శాతం మందికి వైరస్ అదుపులోకి వచ్చింది. ఆ తేడా కొత్త మందు గెలిచిందని తేల్చేంత పెద్దది కాదు, పాతదానికి తీసిపోదని మాత్రం గట్టిగా చెబుతుంది. బరువు బయటపడింది కూడా ఇక్కడే. ఏడాదిలో డోలుటెగ్రావిర్ వాళ్లు సగటున సుమారు 3 కిలోలు పెరిగారు, ఎఫావిరెంజ్ వాళ్లు 2 కిలోలు కూడా దాటలేదు. టెనోఫోవిర్ కొత్త రకం కలిపిన మూడో గుంపులో అది 6 కిలోల దాకా వెళ్లింది. ఆడవాళ్లలో ఎక్కువ. అయితే వీళ్లంతా అప్పుడే చికిత్స మొదలుపెట్టినవాళ్లు, కోలుకోవడం వల్ల వచ్చిన బరువు కూడా అందులో ఉంటుంది. నేను 4 కిలోలు పెరిగాను. రాత్రి అన్నం తగ్గించి, పొద్దున నడక పట్టాక ఆగింది. ఇప్పుడు నిద్ర పడుతోంది, వైరల్ లోడ్ కనిపించనంత తక్కువగా ఉంది.

ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో 2018లో, డోలుటెగ్రావిర్ వాడే తల్లులకు పుట్టబోయే బిడ్డల వెన్నుపాము లోపాల గురించి ఒక అనుమానం వచ్చింది. ఇంకా వేల కాన్పులు చూసేసరికి ఆ తేడా నిలవలేదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణులతో సహా అందరికీ దీన్నే ముందు వాడమంది.

నాకు ఎవరూ ముందుగా చెప్పనిది ఒకటుంది. క్యాల్షియం, ఐరన్ మాత్రలు పరగడుపున దీంతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు. అన్నంతో అయితే కలిపి వేసుకోవచ్చు. గ్యాస్‌కు తాగే యాంటాసిడ్ అయితే ఎప్పుడూ విడిగానే: టీఎల్‌డీ వేసుకున్న 2 గంటల తర్వాత, లేదా టీఎల్‌డీకి 6 గంటల ముందు. టీబీకి రిఫాంపిసిన్ అనే మందు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి, రోజూ డోలుటెగ్రావిర్ రెండో డోసు కావాలి. మొదటి వారాల్లో రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే అంకె) కాస్త పెరిగి కనిపిస్తే కిడ్నీ పాడైందని మీరే తేల్చుకుని మందు ఆపేయకండి. ఈ మందుతో కిడ్నీ దెబ్బతినకుండానే ఆ అంకె కొంచెం పెరుగుతుంది. రిపోర్టు పట్టుకెళ్లి మీ ఏఆర్‌టీ డాక్టరుకు చూపించండి.