4-6-2 మోడల్ రైలింజన్ని 2-8-2 చేయొచ్చా? చేయొచ్చు, పాత ఫ్రేము జోలికి పోకుండా

అడిగినవారిది భీమవరం. వాళ్ల బావగారు విదేశం నుంచి తెచ్చిన హార్న్‌బీ కంపెనీ చేసిన, బ్రిటానియా అనే ఇంగ్లీషు రైలింజను మోడలొకటి ఇంట్లో ఉందట. ఓఓ స్కేలు (అసలులో 76వ వంతు), 4-6-2. దాన్ని మన గూడ్సు ఇంజను డబ్ల్యూజీలా 2-8-2 చేయాలని కోరిక. "ఫ్రేము మధ్యకి కోసి ఇంకో జత చక్రాలు ఇరికిస్తే సరిపోతుందా?" అన్నది ప్రశ్న.

సరిపోదండి. అలాగని మానుకోవాల్సినంత పనీ కాదు. నేను ఇలాంటి ఇంజనే ఒకటి మార్చాను, ఇప్పుడు మా మేడ మీద గదిలో ఆరు పెట్టెలు లాగుతోంది.

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క: మొదటి అంకె ముందున్న చిన్న చక్రాలు, మధ్య అంకె రాడ్లతో కలిపి కట్టిన పెద్ద చక్రాలు, చివరి అంకె వెనక ఫైర్‌బాక్సు బరువు మోసేవి. రెండు పక్కలవీ కలిపి లెక్క.

మీ ఆలోచన ఇంగ్లండు వాళ్లకీ వచ్చింది. బ్రిటిష్ రైల్వేస్‌కి బరువైన గూడ్సు ఇంజను కావాల్సొచ్చినప్పుడు ముందు అనుకున్నది బ్రిటానియా బాయిలరు పెట్టిన 2-8-2నే. తర్వాత వాళ్ల ఇంజన్ల రూపకర్త రిడిల్స్ 2-10-0 వైపు మొగ్గాడు, అదే 1954లో పట్టాలెక్కిన 9ఎఫ్. వాళ్లు వదిలేసిన దారిలో మనవాళ్లు నడిచారు. 1947లో వచ్చిన డబ్ల్యూపీకి, 1950 నుంచి వచ్చిన డబ్ల్యూజీకి బాయిలరు ఒకటే, కింద సరంజామా వేరు. మెయిళ్లు లాగే డబ్ల్యూపీకి 1702 మి.మీ. చక్రాలు ఆరు, గూడ్సులు లాగే డబ్ల్యూజీకి 1562 మి.మీ. చక్రాలు ఎనిమిది. 1970 దాకా 2450 డబ్ల్యూజీలు చేశారు.

మీ చిక్కంతా ఇక్కడే ఉంది. బ్రిటానియా చక్రం 6 అడుగుల 2 అంగుళాలు, ఓఓలో 24.7 మి.మీ. డబ్ల్యూజీది 20.5కి వస్తుంది. పాత చక్రాల పక్కన నాలుగో జత పెట్టారనుకోండి, ఇంజను సాగిపోయి రైలుపెట్టంత పొడవు కనిపిస్తుంది. కాబట్టి కొత్త చక్రాలు కొనాల్సిందే. నా సలహా 9ఎఫ్ మోడలుకి విడిగా అమ్మే చక్రాలు. అసలు 9ఎఫ్ చక్రం 5 అడుగులు, అంటే ఓఓలో 20 మి.మీ. ఆ అర మిల్లీమీటరు తగ్గడం మనకి మంచిదే, ఎందుకంటే మోడలు చక్రాలకి పట్టా మీంచి జారకుండా ఉండే అంచులు అసలు ఇంజన్ల లెక్కకన్నా మందంగా ఉంటాయి, దగ్గర దగ్గరగా పెడితే ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఒక్కటి చూసుకోండి: 9ఎఫ్ నడిమి జతకి అసలు ఇంజన్లోనే అంచు ఉండదు. అంచులున్న నాలుగు జతలు ఏరుకోండి.

ఇక ఫ్రేము. హార్న్‌బీ ఫ్రేము పోత పోసిన దిమ్మ. కోస్తే మళ్లీ తిన్నగా అతకదు, అతికినా ఇరుసులు సమాంతరంగా రావు. దాన్ని, మోటారుతో సహా, అలాగే డబ్బాలో దాచేయండి. రేపు మనసు మారితే బ్రిటానియా మళ్లీ బ్రిటానియా అవుతుంది. కొత్త ఫ్రేము 0.7 మి.మీ. ఇత్తడి రేకుతో చేయండి. అయితే ముందు చేయాల్సింది ఫ్రేము కాదు, సైడ్ రాడ్లు, అంటే పెద్ద చక్రాల్ని కలిపి కట్టేవి. ఈ జవాబులో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. రాడ్డులో చిల్లుల మధ్య దూరమూ, ఫ్రేములో ఇరుసుల మధ్య దూరమూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. స్కేలుతో కొలిచి రెండింటికీ విడివిడిగా చిల్లులు పెడితే అవి కలవవు. ముందు రాడ్డుకి చిల్లులు పెట్టి, రెండు ఫ్రేము రేకుల్నీ ఒకదాని మీద ఒకటి టంకంతో అతికించి, ఆ రాడ్డునే పైన బిగించి దాని చిల్లుల్లోంచే 1 మి.మీ. డ్రిల్లు దింపండి. తర్వాత ఫ్రేము చిల్లుల్ని బుష్షులు (ఇరుసు తిరిగే చిన్న గొట్టాలు) పట్టేదాకా పెద్దవి చేసుకోవచ్చు. తప్పు జరిగినా రెండింట్లోనూ ఒకే తప్పు జరుగుతుంది, బండికి తెలియదు.

ఈ పని చేసేవాళ్లు మన గోదావరి జిల్లాల్లో ఎక్కడున్నారంటారా? హాబీ షాపుల్లో వెతక్కండి, బంగారప్పని చేసేవాళ్ల దగ్గరకెళ్లండి. నా రాడ్లు కోసింది పాలకొల్లులో ఒక స్వర్ణకారుడు. జర్మన్ సిల్వర్ రేకు మీద నేను గీసిచ్చిన గీతని చూసి, "ఇదేం గొలుసండీ, కొక్కెం లేదు?" అన్నాడు. రైలింజనుదని చెబితే, "ఆయ్, చేసేద్దావండి, కూకోండి" అని అర మిల్లీమీటరు రేకులు రెండు జోడించి, సన్న రంపపు తీగతో గీత పక్కనే కోసుకుపోయి, ఆకురాయితో రెండు చేతులూ ఆడించి అంచు నున్న చేశాడు. వెలిగారం, ఊదుగొట్టం, టంకం అన్నీ ఆయన బల్ల మీదే. బుష్షులు తిప్పడానికి చేపల చెరువుల ఏరేటర్లు బాగుచేసే లేతు షాపులు మీ భీమవరంలో చాలానే ఉన్నాయి. 3.18 మి.మీ. ఇరుసుకి తగ్గట్టు ఇత్తడి బుష్షు కావాలనండి, ఇరుసు చేతిలో పెట్టండి. డ్రాయింగు ఇస్తే పక్కన పడేస్తారు.

తర్వాత క్వార్టరింగు. ఒక పక్క క్రాంకు పిన్ను (చక్రం మీద రాడ్డు తగిలించే పిన్ను) పైన ఉంటే రెండో పక్కది 90 డిగ్రీల తేడాలో ఉండాలి. అసలు ఇంజన్లో ఒక సిలిండరు డెడ్ సెంటర్లో, అంటే తోపు పనిచేయని కొసలో, ఆగినా రెండోది తోస్తుంది కాబట్టి ఆ ఏర్పాటు. స్టీము రోజుల్లో ఫైర్‌మన్‌గా చేసిన మా పెదనాన్నగారు, "రెండూ ఒకే దార్లో ఉంటే బండి స్టేషన్లోనే కాపరం పెట్టును" అనేవారు. మోడల్లో తిప్పేది మోటారే అయినా, అది తిప్పేది ఒక్క ఇరుసునే. మిగతా మూడూ రాడ్ల మీదే తిరుగుతాయి. కచ్చితంగా 90 కాకపోయినా నడుస్తుంది, నాలుగు ఇరుసులకీ ఒకే కోణం లేకపోతే మాత్రం నడవదు. చదరపు కొసలున్న ఇరుసులు దొరికితే ఈ గొడవ సగం తప్పుతుంది. రాడ్లు ఒకేసారి తగిలించకండి. మోటారు తిప్పే ఇరుసుకి పక్కది కలిపి వేలితో తోసి చూడండి, సాఫీగా దొర్లితే తర్వాతది. ఎక్కడ పట్టేస్తే దోషం అక్కడుంది.

మలుపుల సంగతి చాలామంది చివర్లో చూసుకుంటారు. హార్న్‌బీ రెండో వ్యాసార్ధం పట్టా 438 మి.మీ. ఇరుసుల మధ్య 22 మి.మీ. పెట్టుకుంటే ఆరు చక్రాల ఇంజన్లో నడిమి ఇరుసు పక్కకి 0.55 మి.మీ. జరగాలి. ఎనిమిదికి వచ్చేసరికి నడిమి రెండూ 1.1 మి.మీ. జరగాలి. ఒక్క ఇరుసు పెరిగితే లెక్క రెట్టింపైంది చూశారా. ఇందులో కొంత పట్టాకీ అంచుకీ మధ్య సందులోనే పోతుంది, మిగిలింది బుష్షుల దగ్గర వదులుగా ఇవ్వండి. రాడ్డు కూడా ఒకే ముక్కగా కాకుండా మధ్యలో కీలు పెట్టి చేయించండి.

ఇంకోటి, ఇది పుస్తకంలో బొమ్మ చూస్తే తట్టదు. 4-6-2లో సిలిండరు వెనక ఖాళీ ఉంటుంది, అక్కడ ముందున్న చిన్న చక్రాలే ఉంటాయి కాబట్టి. 2-8-2లో మొదటి పెద్ద చక్రం ముందుకొచ్చి క్రాస్‌హెడ్డు (పిస్టన్ రాడ్డునీ మెయిన్ రాడ్డునీ కలిపే ముక్క) వెనకే తిరుగుతుంది. దాని క్రాంకు పిన్ను తల మామూలు నట్టులా పొడుచుకొస్తే తిరిగిన ప్రతిసారీ క్రాస్‌హెడ్డుకి కొట్టుకుంటుంది. ఆ ఒక్క పిన్నుకి తల రాడ్డుతో సమంగా అరగదీసినది వాడండి. సిలిండర్ల నుంచి వచ్చే మెయిన్ రాడ్డు మీ బ్రిటానియాలో రెండో జతకి ఉంటుంది, 2-8-2లో మామూలుగా మూడో జతకి పోతుంది. కాబట్టి అదీ పొడుగుది చేయించాలి. పాత మోటారు డబ్బాలోకి పోయింది కాబట్టి కొత్తది కావాలి, దాని గేరు కూడా మూడో ఇరుసు మీదే పెడితే ఫైర్‌బాక్సులో చోటు దొరుకుతుంది. 40కి 1 గేరు చాలు, గూడ్సు బండికి పరుగెందుకు?

వెనక ట్రక్కు, అంటే చిన్న చక్రాల చట్రం, బ్రిటానియాదే పనికొస్తుంది. ముందు జతకి మాత్రం ఒంటి ఇరుసు పోనీ ట్రక్కు కొత్తగా చేయాలి. పైనుంచి స్ప్రింగు మెత్తగా నొక్కాలి. గట్టిగా నొక్కితే పెద్ద చక్రాల మీద బరువు పోయి ఇంజను నిలబడ్డచోటే జారుతుంది, అసలు లేకపోతే పాయింట్ల మీద, అంటే పట్టాలు చీలే చోట, పడిపోతుంది. దీన్ని బొమ్మల గొడవ అనుకోకండి. మన దేశంలో ఎక్స్‌బీ తరగతి 4-6-2లు వేగంలో పక్కలకి ఊగి పట్టాల్నే వంకర తిప్పేవి. 1937 జులైలో బీహారులో బిహ్తా దగ్గర ఘోర ప్రమాదం జరిగాక వాటి గురించి పెద్ద విచారణే నడిచింది.

పోనీ ట్రక్కు చక్రం మలుపులో ఇత్తడి ఫ్రేముకి తగిలితే షార్టవుతుంది. ఆ చోట గోళ్ల రంగు రెండు పూతలు వేయండి, చాలు. టంకం పెట్టిన చోటల్లా వేడినీళ్లూ సబ్బూ పెట్టి కడగండి, ఫ్లక్సు మిగిలితే మన ఉప్పుగాలికి నాలుగు వానల్లో పచ్చబడుతుంది.

గేజి గురించి ఎవరో ఒకరు అడుగుతారు. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ., ఓఓ స్కేల్లో 22 మి.మీ. రావాలి, మీ పట్టా 16.5. ముందు నుంచి చూస్తే ఇంజను కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడ్డట్టుంటుంది, నిజమే. కానీ 22కి పోతే పట్టాలు, పాయింట్లు అన్నీ చేత్తో వేసుకోవాలి. మొదటి ఇంజనుకి నేనైతే ఆ జోలికి వెళ్లను.

ముందు చక్రాలు కొని, వాటిని కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, ఆ ఫొటో ఈ జవాబు కింద పెట్టండి. రాడ్డు కొలతలు నేను వేసిస్తాను. పైన బాడీ, క్యాబు, టెండరు సంగతి ఫ్రేము దొర్లాక అడగండి, అది వేరే పని.