పిల్లలు చిన్నవాళ్లు, ప్రమోషన్‌తో బదిలీ: ఒప్పుకోవాలా, వదులుకోవాలా?

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీకు ముప్పై మూడేళ్లు, ఐదేళ్ల పాప, రెండేళ్ల బాబు; ప్రమోషన్ వచ్చింది, దానితోపాటు దూరప్రాంతానికి బదిలీ కూడా వచ్చింది; ఒప్పుకుంటున్నదీ లేనిదీ ఈ నెలాఖరులోగా రాసివ్వాలి. ఉద్యోగానికీ ఇంటికీ మధ్య సమతూకం ఎప్పటికైనా కుదురుతుందా అని కూడా అడిగారు. నేను 1992లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో క్లర్కుగా చేరాను. నాకిప్పుడు యాభై ఆరేళ్లు. 2001లో, ఇంచుమించు మీ వయసులో, పిల్లలకు సరిగ్గా ఇవే వయసులున్నప్పుడు ఇదే పరిస్థితి నాకూ ఎదురైంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అప్పట్లో మేము విజయవాడలో ఉండేవాళ్లం, నా బ్రాంచి తెనాలిలో. సీజన్ టికెట్ మీద రోజూ ప్యాసింజరు బండిలో వెళ్లి వచ్చే ఆడవాళ్లం ఏడెనిమిది మందిమి ఒకే పెట్టెలో ఎక్కేవాళ్లం. సాయంత్రం తెనాలిలో బండి కదలగానే చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం మొదలుపెడితే దుగ్గిరాల వచ్చేసరికి సగం, కృష్ణా కెనాల్ స్టేషన్ చేరేసరికి మొత్తం అయిపోయేవి. ఈనెలు ఒక కవర్లో, కాయలు ఇంకొక కవర్లో వేసుకుని, ఇంటికి వెళ్లీ వెళ్లగానే కూర పొయ్యి మీద పెట్టేదాన్ని.

లెడ్జర్లు చేత్తో రాసే రోజుల్లో బ్యాంకుల్లో పనిచేసినవారికి అర్ధసంవత్సరం, సంవత్సరం లెక్కలు ముగించే సెప్టెంబరు 30, మార్చి 31 రాత్రులు ఎలా ఉండేవో తెలుసు. సేవింగ్స్ ఖాతాల నిల్వలన్నీ కూడితే వచ్చే మొత్తం జనరల్ లెడ్జరుతో, అంటే బ్రాంచి మొత్తం లెక్కల పుస్తకంతో, పైసలతో సహా సరిపోవాలి. 1997లో అలాంటి ఒక రాత్రి మాకు 270 రూపాయల తేడా వచ్చింది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే ఎక్కడో అంకెలు తారుమారై ఉండవచ్చునని పెద్దవాళ్లు నేర్పారు కాబట్టి పేజీ పేజీ వెతుక్కుంటూ పోగా, 520 వేయవలసిన చోట 250 వేసి ఉండటం అర్ధరాత్రి దాటాక కనిపించింది. ఆ రాత్రి మా పాపకు జ్వరం. పక్కింటివారి ఫోనుకు రెండుసార్లు చేసి కనుక్కోవడం తప్ప నేనేమీ చేయలేకపోయాను.

ఆ ఉద్యోగం వల్ల నాకొక అలవాటు పట్టుకుంది. ఇల్లు కూడా బ్రాంచి లాగే ఏ రోజు లెక్క ఆ రోజు సరిపోవాలని అనుకునేదాన్ని. పిల్లల చదువు, అత్తగారి మందులు, వంట, ఆఫీసు, అన్నీ ఒకే రోజులో న్యాయంగా జరగకపోతే రాత్రి నిద్ర పట్టేది కాదు. పిల్లలు పసివాళ్లుగా ఉన్న ఏళ్లలో అది జరిగే పని కాదని నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ ఏళ్లలో ఏదో ఒకటి వెనకబడే తీరుతుంది. ఏది వెనకబడాలో, ఎంతకాలం వెనకబడాలో మనమే నిర్ణయించుకోవడం వరకే మన చేతిలో ఉంటుంది.

2001లో నేను ప్రమోషన్ వద్దని రాసిచ్చాను. ఆ నిర్ణయం గురించి నాకు ఈనాటికీ విచారం లేదు, ఎందుకంటే అప్పటి కారణాలు నిజమైనవి. నేను చేసిన పొరపాటు దానికి గడువు పెట్టుకోకపోవడం. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, అత్తగారు కాలం చేశారు, కానీ వాళ్ల కోసం చేసుకున్న ఏర్పాటు మాత్రం అలాగే ఉండిపోయింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి అందరి పనులూ నేనే చేసేదాన్ని. ఒకరోజు జడ వేస్తుంటే, అప్పటికి తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, "అమ్మా, నా జడ నేను వేసుకోగలను, రెండేళ్ల నుంచి చెబుతున్నాను, నువ్వే వినడం లేదు" అంది. నా తరువాత చేరినవారు మేనేజర్లుగా వస్తుంటే మనసులో నొచ్చుకుంటూ, తప్పంతా ఇంటి బాధ్యతలదే అనుకున్నాను. నిజానికి ఆ బాధ్యతల్లో సగం అప్పటికే తీరిపోయాయి.

2014లో పరీక్ష రాశాను. 2015లో ఆఫీసరుగా పలాస బ్రాంచిలో వేశారు. విజయవాడ నుంచి ఐదు వందల కిలోమీటర్లకు పైగా దూరం. జీడిపప్పు వ్యాపారుల రుణాల ఫైళ్లు చూడటం, జీడిపిక్కల ధర ఏ నెలలో ఎలా కదులుతుందో తెలుసుకోవడం, నలభై ఆరేళ్ల వయసులో మొదటిసారి ఒక గదిలో ఒంటరిగా ఉండటం, ఇవన్నీ నాకు కొత్త బలాన్నిచ్చాయి. ఆ సెప్టెంబరు నుంచే బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు కావడంతో నెలకు రెండుసార్లు ఇంటికి రాగలిగేదాన్ని. దీనికి ఖర్చు లేకపోలేదు. మా అబ్బాయి ఇంటర్ రెండు సంవత్సరాలూ తండ్రి దగ్గరే ఉండి చదివాడు. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు మాత్రం కౌంటరు ముందు క్యూలు తరగక కొన్ని వారాలు ఇంటి ముఖం చూడలేదు. ఆ ఏడాది వాడు బాగా చిక్కిపోయాడు, అనుకున్న మార్కులూ రాలేదు. ఆ బాధ నాకు ఉంది, దాన్ని దాచి మీకు ధైర్యం చెప్పడం సరికాదు. అదే సమయంలో మావారు వంట నేర్చుకున్నారు, తండ్రీకొడుకుల మధ్య ఇంతకుముందు లేని చనువు ఏర్పడింది.

2018లో విజయవాడకు తిరిగి వచ్చాను. 2021లో మా అమ్మ జారిపడి తుంటి ఎముక విరగడంతో ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాను. తరువాతి ప్రమోషన్ ఇంటర్వ్యూకు వెళ్లనని చెప్పాను, అయితే ఈసారి మావారితో, తమ్ముడితో కూర్చుని రెండేళ్ల గడువు కాగితం మీద రాసుకున్నాను. నెలకు ఒక వారం తమ్ముడు వచ్చి ఉండాలని కూడా అందులోనే రాశాం. 2001లో వద్దన్నది నేనే, 2021లో వద్దన్నదీ నేనే. రెండోసారి మాత్రం మనసులో ఎవరి మీదా కోపం లేదు. అమ్మ 2023లో కన్నుమూసింది.

ఇక మీ విషయానికి వస్తే, ఒప్పుకోమని గానీ వదులుకోమని గానీ నేను చెప్పలేను, మీ ఇంట్లో ఎవరు ఏ బరువు ఎత్తగలరో మీకే తెలుసు. ముందుగా, ఒకసారి వద్దంటే మళ్లీ ఎన్నేళ్లకు అవకాశం వస్తుందో మీ ఆఫీసు నిబంధనల్లో చూసుకోండి. మా దగ్గర వెంటనే రాదు. వద్దనుకుంటే, బాబు ఒకటో తరగతిలో చేరే నెలను గడువుగా పెట్టుకుని, ఆనాటికి మళ్లీ మాట్లాడుకుందామని మీవారితో ఇప్పుడే అనిపించుకోండి. ఒప్పుకుంటే, మొదటి ఆరు నెలలు పిల్లల దగ్గర ఎవరుంటారో, వాళ్లకు జ్వరం వస్తే సెలవు ఎవరు పెడతారో పేర్లతో సహా రాసుకున్నాకే సంతకం చేయండి. ఈ రెండింటిలో ఏది చేసినా మీ అత్తగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. పిల్లలు ఎక్కువ సేపు ఆవిడ దగ్గరే ఉంటారని రాశారు, కానీ ఆవిడ ఏమనుకుంటున్నారో మీ ప్రశ్నలో ఎక్కడా లేదు.