భీమిలి దాకా వెళ్ళి మానేసిన పిల్లకి

చిరంజీవి తల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. సంక్రాంతికి కొన్న సైకిల్ మే నెల నుంచి బాల్కనీలోనే ఉందనీ, ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. అప్పుడే ఇవ్వొద్దు. ముందు ఈ ఉత్తరం చదువు. ఇందులో కొన్ని లెక్కలున్నాయి. ఫోన్లో చెబితే నిలబడవు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

గ్రూపుతో భీమిలి వెళ్ళిన రోజు సంగతి నువ్వు చెప్పిందంతా నాకు గుర్తుంది. వెళ్ళేటప్పుడు 26 స్పీడులో హాయిగా వెళ్ళావు. వచ్చేటప్పుడు ఎర్రమట్టి దిబ్బలు దాటేసరికే కాళ్ళు పట్టేశాయి, 15 కూడా రాలేదు. మిగతావాళ్ళు ముందుకి వెళ్ళిపోయారు. ఇంటికొచ్చి, ఎవరెంత స్పీడులో తొక్కారో వరసగా చూపించే ఆ సైకిల్ యాప్ తెరిస్తే నీ పేరు అట్టడుగున ఉంది. "నా ఒంటికి ఇది పడదు పెద్దమ్మా" అన్నావు. నీ ఒంట్లో లోపమేమీ లేదు తల్లీ. ఆ రోజు నిన్ను ఓడించింది నైరుతి గాలి.

మ్యాపు ఒకసారి చూడు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి ఈశాన్య దిక్కున ఉంటుంది. ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ మన తీరం మీద గాలి ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది, పొద్దెక్కే కొద్దీ బలపడుతుంది. అంటే వెళ్ళేటప్పుడు వీపు మీద చెయ్యి వేసి నెట్టిన గాలే, వచ్చేటప్పుడు ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపుతుంది. నువ్వు 20 స్పీడులో తొక్కుతుంటే ఎదురుగా 10 స్పీడు గాలి ఉందనుకో, నీ ఒంటికి తగిలేది 30 స్పీడు గాలి. గాలి అడ్డు ఆ స్పీడు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, గాలి కదలని రోజుతో పోలిస్తే అది రెండుంబావు రెట్లు అవుతుంది. అదే గాలి వెనక నుంచి వస్తే నాలుగో వంతుకి పడిపోతుంది. కాళ్ళు అవే, సైకిల్ అదే. వెళ్ళేటప్పుడు గాలి పెట్టిన స్పీడుని నీ సత్తా అనుకున్నావు, వచ్చేటప్పుడు గాలి తీసేసిన స్పీడుని నీ చేతకానితనం అనుకున్నావు. రెండూ నిజం కావు.

అందుకే సముద్రం పక్కన సైకిల్ తొక్కేవాళ్ళు, ముఖ్యంగా మొదటి ఏడాది, స్పీడుని లక్ష్యంగా పెట్టుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను. గాలి ఒక్కటే కాదు, మన ఉక్కపోత కూడా లెక్కలోకి వస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, అదే శ్రమకి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఇన్ని మార్పుల మధ్య "25 స్పీడు అందుకోవాలి" అని పెట్టుకుంటే, నువ్వు బాగుపడుతున్న వారంలో కూడా ఆ అంకె తగ్గి కనిపించొచ్చు. అలాంటి వారాలు రెండు మూడు వస్తే ఎవరికైనా మనసు విరుగుతుంది.

స్కూల్లో పీఈటీగా పిల్లల్ని పరిగెత్తించినన్నాళ్ళూ ఒక సంగతి చూశాను. ఎవరు ఫస్టు వచ్చారో మాత్రమే చెబితే మర్నాడు గ్రౌండుకి ఉత్సాహంగా వచ్చేది ఆ ఒక్కరే. "పోయిన వారం నీ టైము ఇదీ, ఇవాళ ఇదీ" అని ఎవరిది వాళ్ళకి చెబితే, ఆఖరున వచ్చే పిల్లలు కూడా బెల్లు కొట్టకముందే వచ్చి నిలబడేవారు. యాప్‌లో ఆ పేర్ల వరస కనిపించకుండా పెట్టెయ్. గ్రూపుతో వెళ్ళు, కబుర్లు చెప్పుకో, ట్యూబు మార్చడం నేర్చుకో. వాళ్ళ అంకెలు మాత్రం నీకు అక్కర్లేదు.

మరి నీ లక్ష్యం ఏమిటంటే, మొదటి ఆరు వారాలకి ఒక్కటే. వారానికి నాలుగు రోజులు, రోజుకి 40 నిమిషాలు. ఎంత దూరం, ఎంత స్పీడు అని అడగొద్దు. మొత్తం 160 నిమిషాలు. పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో ఉంది, కాబట్టి ఈ చిన్న లెక్కతోనే నువ్వు ఆ గీత దాటుతావు. ఓ మోస్తరు అంటే తొక్కుతూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఎంవీపీ కాలనీ నుంచి బయల్దేరి లాసన్స్ బే మీదుగా ఆర్కే బీచ్‌కి వెళ్ళి వస్తే చాలు. అక్కడ పొద్దున్నే నడిచేవాళ్ళ కోసం బళ్ళు ఆపేస్తారు కాబట్టి భయం కూడా ఉండదు. వాన పడితే అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగు, ఆ నిమిషాలు కూడా లెక్కే. ఒక రోజు తప్పిపోతే మర్నాడు రెట్టింపు తొక్కి పూడ్చొద్దు. తప్పిన రోజు పోయినట్టే, మిగతా మూడూ నిలబెట్టుకో.

దీంతోపాటు ఒక చిన్న నోటుబుక్కు మంచం పక్కన పెట్టుకో. నిద్ర లేవగానే, కాలు కింద పెట్టకముందే, ఫోను చూడకముందే, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్ళు ఆనించి నిండుగా 60 సెకన్లు నాడి లెక్కపెట్టి రాయి. మామూలుగా పెద్దవాళ్ళకి 60 నుంచి 100 మధ్య ఉంటుంది. క్రమంగా తొక్కే కొద్దీ గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం పంపగలుగుతుంది, అందుకని విశ్రాంతిలో తక్కువ సార్లు కొట్టుకుంటే సరిపోతుంది. ఆ అంకె మెల్లగా దిగుతుంటే నీ శరీరం మారుతోందన్నమాట. రోజు రోజుకీ పోల్చకు, వారం సగటు తీసుకో. నెలసరికి ముందు రోజుల్లో రెండు మూడు పెరగడం మామూలే, అది చూసి కంగారు పడకు, పోయిన నెల అవే రోజులతో పోల్చు. ఎప్పుడైనా మామూలు కంటే ఏడెనిమిది ఎక్కువ ఉంటే నిద్ర చాలలేదనో, అలసట తీరలేదనో, జ్వరం రాబోతోందనో అర్థం. ఆ రోజు సైకిల్ తియ్యకు. నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క ఇదే. దీన్ని గాలి మార్చలేదు, పక్కవాడి ఖరీదైన సైకిల్ మార్చలేదు.

బరువు తగ్గడం కోసమే తొక్కుతానంటే మాత్రం నేను ఒప్పుకోను. రైడ్ నుంచి రాగానే తూచుకుంటే తగ్గి కనిపించేది చాలావరకు నీరే, తాగగానే తిరిగొస్తుంది. పైగా ఆకలి కూడా పెరుగుతుంది. చోడి అంబలి తాగి వెళ్ళు, వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ తాగు, కడుపు నిండా తిను.

ఆరు వారాలు నిలబడ్డాక కొండకి రా. నా దృష్టిలో వైజాగ్‌లో సైకిల్ తొక్కేవాళ్ళకి దొరికిన వరం మన కొండలే. ఎక్కేటప్పుడు స్పీడు ఏడో ఎనిమిదో ఉంటుంది, అంత నెమ్మదిలో గాలి పాత్ర చాలా తగ్గిపోతుంది. నీ బరువునీ సైకిల్ బరువునీ పైకి మొయ్యడమే పని, ఆ ఎత్తు ఇవాళా ఆరు నెలల తర్వాతా ఒక్కటే. కాబట్టి నువ్వు మెరుగయ్యావో లేదో కొండ నిజం చెబుతుంది. కైలాసగిరి ఘాట్ రోడ్డు పెట్టుకో, గేటు ఎప్పుడు తీస్తారో ముందే కనుక్కో. మొదట కాలు కింద పెట్టకుండా పైకి చేరడమే లక్ష్యం. అన్నిటికంటే చిన్న గేరు వేసుకో, ఎంత నెమ్మదిగా ఎక్కినా పరవాలేదు, మధ్యలో ఆగాల్సి వస్తే ఆ మలుపు గుర్తు పెట్టుకుని వచ్చే వారం ఇంకో మలుపు ఎక్కు. తర్వాత, పైకి చేరేసరికి రెండు మాటలు మాట్లాడే ఊపిరి మిగలాలి. టైము చూసుకోవడం ఆ తర్వాతే, నెలకి ఒక్కసారి, అదే వేళలో. దిగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి కొంచెం కొంచెంగా వదులుతూ పట్టుకుంటూ రా. సింహాచలం ఘాట్ ఇంకా పెద్దది, దాన్ని వచ్చే ఏడాదికి ఉంచు.

మోకాలి ముందు భాగం నొప్పి అన్నావు కదా, సీటు ఎత్తు చూసుకో. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. కొత్తవాళ్ళు నేలకి పాదం అందాలని సీటు దించుకుంటారు, మోకాలికి చేటు చేసేది అదే. సరిచేసినా రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకి చూపించు. ఉప్పు గాలికి చైను తొందరగా తుప్పు పడుతుంది, వారానికోసారి గుడ్డతో తుడిచి రెండు చుక్కలు ఆయిల్ వెయ్యి. టైరులో గాలి తగ్గినా తొక్కడం బరువైపోతుంది, దాన్ని కూడా మన బద్ధకమే అనుకుంటాం.

ఇక భీమిలి. దాన్ని డిసెంబరుకి పెట్టుకో. అప్పటికి తుఫానుల జోరు చాలావరకు తగ్గుతుంది, గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. వెళ్ళేటప్పుడు కాళ్ళు తాజాగా ఉండగానే ఎదురుగాలి తగులుతుంది, అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది. రానూపోనూ 50 కిలోమీటర్ల పైమాటే, రుషికొండ దగ్గర ఎత్తు కూడా ఉంది, అయినా నీకు అందుతుంది. అక్టోబరు నుంచి ఆదివారం రైడ్‌ని కొద్దికొద్దిగా పెంచు, మొదట రుషికొండ, తర్వాత మంగమారిపేట. ఏ వారం అయినా ముందు వారం కంటే పదో వంతు మించి పెంచొద్దు.

మీ గ్రూపులో 200 కిలోమీటర్ల బ్రెవే గురించి, అంటే గడువు పెట్టి తొక్కే దూరపు సైకిల్ ప్రయాణం గురించి, మాట్లాడుకుంటారట. పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి, అంటే ఆగే సమయం కూడా కలుపుకుని గంటకి 15 కిలోమీటర్లు దాటదు. అందులో ఎవరు ముందు వచ్చారన్న ర్యాంకు ఉండదు, గడువులోపు చేరిన వాళ్ళంతా సమానమే. నీ స్వభావానికి అది నప్పుతుందని నాకు అనిపిస్తోంది. కానీ ఆ మాట వచ్చే ఏడాది మాట్లాడుకుందాం.

దసరాకి మీ ఇంటికి వస్తాను. నోటుబుక్కు తీసి ఉంచు, నాడి లెక్కలు కలిసి చూద్దాం. హెల్మెట్ లేకుండా, వెనక ఎర్ర లైటు లేకుండా చీకట్లో రోడ్డెక్కొద్దు. జోడుగుళ్ళపాలెం వైపు కుక్కలు వెంటపడితే దిగి, సైకిల్‌ని అడ్డం పెట్టుకుని నడువు. మీ అమ్మని అడిగానని చెప్పు.

పెందుర్తి నుంచి
మీ పెద్దమ్మ