హైదరాబాద్ నుంచి లండన్ నాలుగున్నర గంటల్లో వెళ్ళిపోతామా?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒకరు అడిగారు: హైదరాబాద్ నుంచి లండన్ 7,700 కిలోమీటర్లంటున్నారు, టికెట్ మీద చూస్తే ఉదయం 7:30కి బయలుదేరి మధ్యాహ్నం 12కి దిగుతున్నట్టు ఉంది, ఇదెలా సాధ్యం అని.

సాధ్యం కాదండి. పది గంటలు పడుతుంది. టికెట్‌లో ఎక్కే టైమ్ మనది, దిగే టైమ్ వాళ్ళది. చలికాలంలో లండన్ మనకంటే ఐదున్నర గంటలు వెనక. మార్చి చివరి ఆదివారం వాళ్ళు గడియారం గంట ముందుకు తిప్పుకుంటారు, అక్టోబర్ చివరి ఆదివారం దాకా తేడా నాలుగున్నర గంటలే.

మాదీ ఒడిశాయే, పర్లాకిమిడి. అమ్మాయి లండన్‌లో ఉంది కాబట్టి నేనూ మా ఆవిడా వెళ్ళొస్తుంటాం. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుంది కదా, ఎనిమిదిన్నర గంటల్లో దిగాలి కదా అని మా వీధిలో అందరూ లెక్క కట్టేవారే. ఆ 7,700 అనేది గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి పడితే వచ్చే దూరం. ఆ దారం పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్ మీదుగా వెళ్ళి, సగం దారిలో కాస్పియన్ సముద్రం పక్కన బాకూ దగ్గర తేలి, ఉక్రెయిన్ మీద నుంచి పోతుంది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పటి నుంచి ఉక్రెయిన్ మీద ప్రయాణికుల విమానాలు ఎగరడం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ కూడా మన దేశపు విమానాలకు దారి మూసింది. అందుకని విమానం వంకర తిరిగి పోవాల్సిందే. పైగా అంత ఎత్తున గాలి పడమటి నుంచి తూర్పుకి గట్టిగా వీస్తుంది. వెళ్ళేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. తిరుగు ప్రయాణం దాదాపు గంట తక్కువ పడుతుంది. టికెట్‌లో మాత్రం గడియారాల తేడా కలిసి చలికాలంలో పద్నాలుగు గంటలకు పైగా కనిపిస్తుంది, కంగారు పడకండి.

నన్నడిగితే మన ప్రాంతం వాళ్ళకి అసలు టెన్షన్ ఈ పది గంటలు కాదు, విశాఖ దాకా, అక్కడి నుంచి హైదరాబాద్ దాకా పోవడం. విశాఖ నుంచి విమానం గంటంబావే. కానీ విదేశీ విమానానికి మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలి, అంటే తెల్లవారుజామున నాలుగున్నరకి. ముందు రోజు సాయంత్రానికే హైదరాబాద్ చేరిపోవడం మేలు. రెండు విమానాలూ ఒకే టికెట్‌లో ఉంటే మొదటిది ఆలస్యమైనా తర్వాతి విమానంలో పంపే బాధ్యత విమాన సంస్థది. చవకని విడివిడిగా కొంటే ఆ నష్టం మనదే, పెట్టెలు కూడా హైదరాబాద్‌లో తీసుకుని మళ్ళీ ఇవ్వాలి.

పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే వీల్‌చైర్ కావాలని టికెట్ కొనేటప్పుడే రాయించండి. మా ఆవిడకి అలాగే రాయిస్తాను. లండన్ ఎయిర్‌పోర్టు హీత్రోలో దిగాక పాస్‌పోర్ట్ చూసే చోటికి బాగా నడవాలి.