రెండు నెలలు వేట ఆపితే ఒరిగేదేంటి?

ప్రశ్న: మాది కాకినాడ, నాన్నకి మెకనైజ్డ్ బోటు ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం అంటారు, ఇల్లు గడవడమే కష్టం. సముద్రం అంత పెద్దది కదా, చేప తగ్గితే మళ్లీ పెరగదా అండీ?
– ఒక పాఠకుడు

జవాబు: పెరుగుతుంది తమ్ముడూ, కానీ ఒక హద్దు దాకే. కెనడాలో న్యూఫౌండ్‌ల్యాండ్ దగ్గర కాడ్ చేపని వందల ఏళ్లు పట్టారు, ఏం కాలేదు, తర్వాత పెద్ద ట్రాలర్లు (వల ఈడ్చే ఓడలు) దిగి 1968లో ఒక్క ఏడాదే 8 లక్షల టన్నుల దాకా లాగేశాయి. విచిత్రం ఏంటంటే మిగిలిన చేప ఒకేచోట గుంపు కట్టేది, వలేస్తే నిండుగా పడేది, దాంతో లెక్కలేసేవాళ్లు కూడా ఇంకా బోలెడుంది అనుకున్నారు. 1992 జులైలో వేట ఆపేశారు, మొదట 2 ఏళ్లే అన్నారు, దాదాపు 30 వేల మందికి పని పోయింది. మళ్లీ తెరిచింది ఎప్పుడో తెలుసా, 2024లో! అదీ 18 వేల టన్నులకే. ఎందుకంత ఆలస్యం అంటే కాడ్‌కి తిండి అయిన కేపెలిన్ అనే చిన్న చేప కూడా పడిపోయింది, తిండి లేకపోతే ఎవరు మాత్రం కోలుకుంటారు?

మన నిషేధం చాలా చేపలు గుడ్లు పెట్టే టైమ్‌కి పెట్టింది. నన్నడిగితే అదొక్కటే చాలదు, సన్న కన్ను వలలో పడ్డ పిల్ల చేపలు కోళ్ల దాణాకి పోవడం కూడా ఆగాలి. ఇక నిషేధం రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి లేటైతే మీకు కోపం రావడంలో తప్పేం లేదు.