మొదటి పార్ట్‌టైమ్ పని: బయోడేటా కంటే ముందు పనివేళలు

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు రాశాను. ఇంజనీరింగ్‌లో చేరేలోగా బట్టల షాపులోనో సూపర్‌మార్కెట్‌లోనో పార్ట్‌టైమ్ చేద్దామనుకుంటున్నాను. బయోడేటాలో అనుభవం అన్నచోట ఏం రాయాలి? ఏమేం పట్టుకెళ్లాలి?
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: ముందు పనివేళలు తేల్చుకోండి. 18 నిండనివాళ్లతో ఏకబిగిన మూడు గంటలకు మించి పని చేయించకూడదని చట్టం. ఆ తర్వాత కనీసం గంట విరామం ఇవ్వాలి. విరామంతో కలిపి రోజుకు ఆరు గంటలు దాటకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా పని చెప్పకూడదు. వారానికో సెలవు ఉండాలి. బట్టల షాపుల్లో రద్దీ సాయంత్రమే కాబట్టి ‘ఐదింటికి వచ్చి పదింటికి వెళ్లు’ అంటారు. మొహమాటపడి ఒప్పుకోవద్దు. ఉదయం పదింటికి వెళ్లి, ఒంటిగంట నుంచి రెండు దాకా విరామం తీసుకుని, నాలుగింటికి బయటపడేలా మీరే అడగండి. పెట్రోలు, బాణసంచా లాంటి మండే సరుకుల పని మాత్రం వద్దేవద్దు.

బయోడేటా ఒక్క పేజీ చాలు. పేరు, మీ ఫోన్ నంబరు, ఇంట్లో పెద్దవాళ్ల నంబరు, చదువు, వచ్చిన భాషలు, ఏ వేళల్లో రాగలరు, ఏ తేదీ దాకా చేయగలరు. జిరాక్స్ షాపులో దొరికే పాత ఫార్మాట్‌లో కులం, మతం గడులుంటే తీసేయండి. అనుభవం దగ్గర ‘కష్టపడే స్వభావం’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ‘సెలవుల్లో మా కిరాణా కొట్టులో బిల్లు రాశాను’, ‘కాలేజీ ఫెస్ట్‌లో టికెట్ల డబ్బు లెక్క చూశాను’ లాంటివి ఏవి నిజమైతే అవి రాయండి.

పనిదినాల్లో ఉదయం పదకొండు ప్రాంతంలో వెళ్లి మేనేజర్‌ని కలవండి. ఆదివారం, సాయంత్రం వేళ వెళ్తే మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. ‘ఎన్నాళ్లు చేస్తావు?’ అని తప్పక అడుగుతారు. ఉన్నదే చెప్పండి. కౌంటర్ పనైతే నోటిలెక్క అడగొచ్చు: 850 రూపాయల చొక్కాకి 20 శాతం తగ్గింపు పోతే 680, వెయ్యి ఇస్తే తిరిగివ్వాల్సింది 320. ఇలాంటివి ఓ పాతిక ఇంట్లోనే సాధన చేయండి. యూపీఐలో డబ్బు పడిందో లేదో షాపువాళ్ల ఫోన్‌లోనో సౌండ్ బాక్స్‌లోనో చూసుకోవాలిగానీ కొనేవాళ్లు చూపించే స్క్రీన్‌షాట్‌ని నమ్మకూడదు.

జీతం రోజుకా, నెలకా, ఏ తేదీన ఇస్తారు, క్యాష్‌లో తేడా వస్తే కోస్తారా అన్నవి చేరకముందే అడగండి.

సర్టిఫికెట్ల దగ్గర ఇంకా జాగ్రత్త. ‘చేరేటప్పుడు ఒరిజినల్ మెమో ఇచ్చెయ్, మానేసేటప్పుడు తీసుకో’ అని కొందరు అడుగుతారు. ఇవ్వకండి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల పరిశీలనకి పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ మీ చేతిలో ఉండాలి. ఓనరు ఊళ్లో లేరంటే సీటుకే ఎసరు. జిరాక్స్ ఇచ్చి, దానిమీద అడ్డంగా షాపు పేరు, ‘ఉద్యోగం కోసం’, తేదీ రాయండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఇంటి దగ్గర డేటా ఎంట్రీ పని ఇస్తామని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. 500 కడితే ఐడీ ఇస్తారట. కట్టొచ్చా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: కట్టకండి. పని ఇచ్చేవాళ్లు జీతం ఇస్తారు, మీ దగ్గర తీసుకోరు. ‘మీ అకౌంట్లో డబ్బు వేస్తాం, కమీషన్ ఉంచుకుని మిగతాది పంపండి’ అన్నా ఒప్పుకోకండి, అది మోసం డబ్బయితే పోలీసులు ముందు మీ అమ్మాయి దగ్గరికే వస్తారు. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ట్రాన్సాక్షన్ నంబరు, ఆ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి.